రెండు అబద్ధాలు

నా బతుకులో ఆడిన అబద్ధాలు లెక్క తీస్తే చాలా తేలుతాయి. అన్నం సరిపోయిందని అవ్వతో చెప్పినవి ఉన్నాయి. పట్నంలో ఇల్లు కిరాయికి అడిగేటప్పుడు "మీరేమోళ్లు?" అంటే మాట మార్చినవి ఉన్నాయి. వాటన్నిటినీ పక్కకు పెడుతున్నాను. 1994లో ఎండలు పోయి వానలు పడే నడుమ, నెల తిరక్కుండానే ఆడిన రెండింటి గురించే ఇక్కడ రాస్తున్నాను. రెండూ ఒక్క సంగతి మీదనే. చదువుతున్న కాలేజీ వదిలి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి పోవాలనుకున్నాను. ఆ పోకడలో ఒక అబద్ధం కాయిదం మీద రాశాను. ఇంకొకటి తాండూరు స్టేషన్‌లో ఒక ఆడపిల్ల ముందర నిలబడి నోటితో చెప్పాను. మొదటిదానికి నాకు ఒక్క రాత్రి కూడా నిద్ర చెడలేదు. రెండోది ముప్పై ఏండ్లుగా నా వెంట తిరుగుతోంది. అబద్ధం అబద్ధమే అయితే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

మాది తాండూరుకు దగ్గరి ఊరు. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రాలను విడగొట్టి కలిపినప్పుడు ఈ రెండింటినీ తీసి ఆంధ్రప్రదేశ్‌లో వేశారు. అందుకే మా మాటలో కన్నడం ఉంటుంది, ఉర్దూ ఉంటుంది. వాడను మేం గేరి అంటాం. తాలూకాలకు తాలూకాలే బదిలీ అయినప్పుడు ఎవరు ఏ టీసీ అడిగారో గానీ, మాదిగ గేరి పిలగాడు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి పోవాలంటే మాత్రం టీసీ కావాలె, మైగ్రేషన్ కావాలె, ఎమ్మార్వో ఆఫీసు కులం కాయిదం కావాలె, వీటన్నిటికీ ముందు ఎవరో ఒక సారు మనసు కరగాలె.

మా నాయిన నాపరాయి గనిలో పని చేసేవాడు. షాబాదు బండలని, తాండూరు బండలని మీరు ఇండ్లల్లో పరుచుకునేవి అవే. భూమిలో పొర మీద పొరగా పుస్తకం అట్టల లాగా ఉంటాయి. పొరకూ పొరకూ నడుమ సందు పట్టుకొని, ఉలి పెట్టి, గడ్డపార దూర్చి పగలకుండా లేపాలె. లేపినవాడి నైపుణ్యం బండ పగిలితేనే మాటకొస్తుంది, పగలకపోతే ఎవరూ ఎత్తరు. తర్వాత తర్వాత నాయిన పాలిష్ మిషిన్ల కాడికి మారాడు. నడుము నొప్పి తగ్గింది, దగ్గు మొదలైంది. టీబీ అనుకొని అనంతగిరి గుట్ట మీది దవాఖానకు తిరిగాం. వికారాబాద్ స్టేషన్‌లో దిగి, ఆ గుట్టెక్కి, చెట్ల గాలికి నాయిన కాసేపు మంచిగ ఊపిరి తీసుకొని, "గీ గాలి మన గేరికి కొంటవోతే ఎంత మంచిగుండు" అనేవాడు. దిగి తాండూరు వచ్చేసరికి మల్ల దగ్గు.

డిగ్రీ అయినంక మా దిక్కే ఉన్న ఒక కాలేజీలో ఎం.ఏ. హిస్టరీలో చేరాను. ఆ కాలేజీ పేరు ఇక్కడ అక్కరలేదు. ఇరవై సీట్లు. పదిహేను శాతమంటే మాకు మూడు. నోటీసు బోర్డు మీద అతికించిన లిస్టులో మూడోవాణ్ణి నేను. నా పేరు కింద ఒక గీత, గీత కింద వెయిటింగ్ ఒకటి అని ఒక ఆడపిల్ల పేరు. నాకూ ఆమెకూ తేడా రెండు మార్కులు. బషీరాబాద్ దిక్కు పిల్ల, మా మేనత్తల ఊరే, నన్ను అన్నా అని పిలిచేది. ఆ దినం ఆమె కూడా బోర్డు ముందర నిలబడి ఉంది. "మంచిగైందన్నా, మనోళ్లకే వచ్చింది గద" అన్నది. తర్వాత పదిహేను రోజులు ఎవరైనా చేరకుండా పోతారేమో అని చూసింది. అందరం చేరాం. ఆమె బండల పాలిష్ కాడ కూలికి పోయింది.

ఆ ఏడాది చదువు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. క్లాసులు అయితే అయ్యేవి, లేకపోతే లేదు. లైబ్రరీ అంటే తాళం వేసిన రెండు బీరువాలు. తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉండేవాడు. పరీక్షలకు ముందు నోట్సు అమ్మకానికి వచ్చేది. హాజరు పిలిచేటప్పుడు మా ముగ్గురి పేర్ల కాడ ఒక సారు గొంతు మారేది. "స్కాలర్‌షిప్ వచ్చిందా, ఏమన్న కొంటిరా?" అనేవాడు. క్లాసు నవ్వేది. ఆ నవ్వుకు మేం కూడా కలిసి నవ్వేవాళ్లం, అదే ఎక్కువ రోత.

సెంట్రల్ యూనివర్సిటీ సంగతి నాకు చెప్పినవాడు వికారాబాద్ హాస్టల్‌లో నాకు సీనియర్. అక్కడ చదువుతూ సెలవులకు వచ్చాడు. ప్రాస్పెక్టస్ పట్టుకొచ్చాడు. వికారాబాద్ జంక్షన్‌లో పర్లీ వైపు పోయే బండి కోసం అతను, తాండూరు బండి కోసం నేను కూర్చొని, లైటు కింద ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాం. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం అయినంక 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో ఒక సూత్రం ప్రకారం 1974లో పార్లమెంటు చట్టంతో పుట్టిన యూనివర్సిటీ అది. లింగంపల్లి స్టేషన్‌లో దిగితే దగ్గరే. చిట్టిగిద్ద, శంకర్‌పల్లి, నాగులపల్లి దాటితే లింగంపల్లి. మా గేరి నుంచి ఎంతమంది ఆ స్టేషన్‌లో దిగి ఇండ్ల పనులకు పోయారో! పక్కన ఒక యూనివర్సిటీ ఉందని, దాంట్లో మనకు పదిహేను శాతం రాసి పెట్టి ఉందని ఒక్కరూ వచ్చి చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకు మాత్రం ఎవరు చెప్పారు?

"నేను మొదటి ఏడు చదివిన గదనే, రెండో ఏడుల తీసుకోరా?" అని అడిగాను.

సీనియర్ నవ్వాడు. "గది రైలు మారుడు కాదు తమ్మీ. దిగాలె, మల్ల టికెట్ తీసుకోవాలె, మొదటి స్టేషన్ కాడికెళ్లి ఎక్కాలె."

నిజమే. మన దగ్గర యూనివర్సిటీ మారడమంటే ఆనాడు అంతే. చదివిన ఏడు గంగలో కలిసినట్టే. ఇప్పుడు 2021 నుంచి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని యూజీసీ ఒకటి పెట్టింది. చదివినంత మేరకు క్రెడిట్లు జమ అయి వెంట వస్తాయంటారు. మంచిదే. జమ చేసుకోవడానికి అకౌంటు ఉన్నా, తీసుకునే యూనివర్సిటీలో సీటు ఖాళీ ఉండాలె కదా.

దరఖాస్తు డీడీకి నాయిన రెండు దినాల కూలి పోయింది. ఎంట్రెన్స్ రాశాను. ప్రశ్నలు చూస్తే ఒక సంగతి అర్థమైంది. ఇవి నోట్సు బట్టీ పట్టినవాడి కోసం కాదు, పుస్తకం చదివినవాడి కోసం. నాకు వచ్చినంత రాశాను, రాని చోట నాకు తెలిసిన బతుకు రాశాను. నిజాం కాలం వెట్టి గురించి ఒక ప్రశ్న వచ్చింది. మా తాత చెప్పినవన్నీ రాశాను. ఏ పుస్తకంలో ఉందని అడిగితే నేనేం చెప్పేవాణ్ణో! కార్డు వచ్చింది. సీటు వచ్చింది.

ఇక టీసీ.

ఆఫీసులో క్లర్కు చెడ్డవాడు కాదు. అందుకే అతని సంగతి గుర్తుంది. "రెండో ఏడు ఫీజు కట్టినంకనే టీసీ ఇస్తరు, రూలు. పెద్దసారు సంతకం పెట్టడు. ఇంకో యూనివర్సిటీకి పోతున్న అని రాస్తివంటే స్కాలర్‌షిప్ పైసలు గూడ వాపసు కట్టుమంటరు. కడతవా?" అన్నాడు. నా దగ్గర రైలు టికెట్‌కే పైసలు లేవు. "మరెట్ల సార్?" అన్నాను. దరఖాస్తు ఫారం నా దిక్కు జరిపి, ఒక గడి మీద వేలు పెట్టాడు. కాలేజీ వదలడానికి కారణం. "ఇంట్ల పరిస్థితి బాగలేక చదువు మానుతున్న అని రాయి. ఎవ్వరు అడగరు."

రాశాను. పెద్దసారు గదిలోకి తీసుకపోయాడు. ఆయన కాయిదం చూసి, నన్ను చూసి, "ఆఁ, మామూలే గదా మీ దాంట్ల" అని సంతకం పెట్టాడు. పట్టుమని నిమిషం పట్టలేదు. ఇంత తొందరగా ఆ ఆఫీసులో నా పని ఎన్నడూ కాలేదు.

ఆ అబద్ధానికి నేను సిగ్గుపడలేదు. ఇప్పటికీ పడను. నా కాయిదాలు వాళ్ల బీరువాలో పెట్టుకొని, నా పదో తరగతి మార్కులు, నా డిగ్రీ, నా కులం అన్నీ వాళ్ల తాళం కింద పెట్టుకొని, నిజం చెప్తే ఇవ్వం అన్నవాళ్లకు నేను నిజం ఎట్లా బాకీ పడతాను? అసలు కాయిదాలు పట్టుకొని పిల్లల్ని ఆపకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషనే ఇచ్చింది. 1994లో నేను నా గడిలో రాసిన నాలుగు మాటలే నా నోటిఫికేషన్. నన్ను కుట్టింది అబద్ధం కాదు, అది అంత తేలిగ్గా చెల్లడం. సెంట్రల్ యూనివర్సిటీలో సీటొచ్చింది సార్ అని చెప్తే ఉత్తరం చూపించుమనేవాళ్లు, రెండుసార్లు తిప్పి చూసేవాళ్లు. మాదిగ పిలగాడు చదువు మానేస్తున్నాడు అంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇరవై దినాలకు తాండూరు స్టేషన్‌లో ఆ పిల్ల కనబడింది. పాలిష్ పని నుంచి వస్తోంది. చీర కొంగు, జుట్టు, కనురెప్పల మీద కూడా తెల్లటి బండపొడి. నేను హైదరాబాద్ పోయే బండి కోసం ట్రంకుపెట్టెతో నిలబడ్డాను. సంగతి అప్పటికే ఊర్లన్నీ తిరిగింది. "పెద్ద యూనివర్సిటీల వచ్చిందంట గదన్నా" అని సంబురపడ్డది. నిజంగానే సంబురం. తర్వాత కొంచెం ఆగి అడిగింది:

"మరి గీడ నీ సీటు ఖాళీ అయినట్టే గద. నా పేరే గద తర్వాత. నన్ను పిలుస్తరా?"

నాకు తెలుసు. క్లర్కే చెప్పాడు. రెండో ఏడులో ఖాళీ పడిన సీటు ఎవరికీ ఇవ్వరు. కొత్త ఏడాదికి కొత్త లిస్టు, అందులో ఆమె పేరు మల్ల మొదటి నుంచి రావాలె. నేను ఏడాది కూర్చున్న సీటు ఇంకో ఏడాది ఉత్తగా ఉండి రద్దవుతుంది. ఆమెకు రావలసింది నాకు రెండు మార్కులతో వచ్చింది, నేను వదిలేశాను, ఇక ఎవరికీ రాదు. ఇదీ నిజం.

బండి సిగ్నల్ పడింది. "పిలుస్తరేమో, ఒకసారి పోయి అడుగు" అన్నాను.

ఆమె ముఖం మీద బండపొడిలోంచి ఒక వెలుగు వచ్చింది. నేను బండి ఎక్కాను. ఆమె ఒక దినం కూలి పోగొట్టుకొని, చార్జీలు పెట్టుకొని ఆ ఆఫీసుకు పోయిందని, వాళ్లు నవ్వి పంపించారని దసరాకు ఇంటికి వచ్చినప్పుడు అవ్వ చెప్పింది. ఆ ఏడు జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. మా జాతి సీటు సీటుకూ లెక్క అడగడం నేర్చుకున్న నెల అది. ఆ నెలలోనే ఒక సీటు నా చేతిలోంచి మన్నులో కలిసింది. దండోరా అడిగిన లెక్కకు సుప్రీంకోర్టు ఒప్పుకునేసరికి 2024 ఆగస్టు అయింది. తెలంగాణలో ఆ వర్గీకరణ అమలులోకి వచ్చేసరికి 2025 ఏప్రిల్ 14. ఇంతకాలం ఆ పోరాటంలో నేనూ మాట్లాడాను, మీటింగుల్లో శాతాలు చెప్పాను. చెప్తున్నప్పుడల్లా ఇరవైలో మూడు, మూడులో ఒకటి అని లోపల ఒక లెక్క నడిచేది.

సత్యం గురించి మనకు ఈ నేల మీద చెప్పిన పెద్ద కథ హరిశ్చంద్రుడిది. మా ఊళ్లో జాతరకు నాటకం ఆడితే మేం గేరివాళ్లం చివర నిలబడి చూసేవాళ్లం. రాజ్యం పోయింది, పెండ్లాన్ని అమ్మాడు, ఇంకా కిందికి, ఇంకా కిందికి పడి చివరికి కాటికాపరి అయ్యాడు. జనం ఏడ్చేది అక్కడే. మా తాత మాత్రం ఏడ్వలేదు. "ఆయినె పడి పడి యాడికొచ్చె? మన కాడికే గద. మనం పుట్టుడే ఈడ పుట్టినం" అన్నాడు. ఆ కాటి సీనులో పాడే పద్యాల్లో మన జాషువావి కూడా ఉన్నాయని నాకు చాలాకాలానికి గానీ తెలియలేదు. నిజం చెప్పడానికి ఒక ధర ఉంది, ఆ ధర మాదిగ మాల బతుకు అని చెప్పే కథ అది. ఆ ధర పుట్టుకతోనే కట్టినవాడు ఇంకా ఏం పెట్టి నిజం చెప్పాలె?

జర్మనీ కాంట్ 1797లో ఒక వ్యాసం రాశాడు. చంపడానికి వచ్చినవాడు నీ దోస్తు ఎక్కడ దాక్కున్నాడని అడిగినా అబద్ధం చెప్పే హక్కు నీకు లేదన్నాడు. యూనివర్సిటీలో దాన్ని చదివి, లైబ్రరీ మెట్ల మీద కూర్చొని నేను క్లర్కు గది గురించే ఆలోచించాను. తలుపు ఎవరిది అన్న ప్రశ్న ఆయనకు రాలేదు. ఆ కథలో తలుపు ఆయనది. మా కథలో తలుపు ఎప్పుడూ వాళ్లదే, మేం బయట నిలబడి ఉంటాం.

నాకు సమాధానం కాంట్ దగ్గర దొరకలేదు, బాబాసాహెబ్ దగ్గర సగం దొరికింది. ఆయన కూడా చదువు సగంలో ఆగి, మల్ల మొదలుపెట్టినవాడే. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద 1913లో కొలంబియాకు పోయాడు. తిరిగొచ్చి పదేండ్లు బరోడా కొలువు చేస్తానని ఒప్పందం రాసి పోయాడు. అక్కణ్ణుంచి 1916లో లండన్ పోతే, 1917లో స్కాలర్‌షిప్ అయిపోయి చదువు సగంలో వదిలి రావలసి వచ్చింది. మాట ప్రకారం బరోడాలో కొలువుకు చేరాడు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీలకే చోటంటే, రిజిస్టరులో పార్సీ పేరు రాసి దిగాడు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే రాసుకున్నాడు. పదకొండో దినం కట్టెలు పట్టుకొని జనం వచ్చారు. సాయంత్రానికి ఖాళీ చేయమన్నారు.

ఆ రిజిస్టరులో రాసిన పేరు అబద్ధమే. ఆయన్ను ఎవరన్నా అబద్ధాలకోరు అంటారా? చోటు ఇవ్వనివాడి రిజిస్టరులో నిజం రాయాల్సిన బాకీ ఎవరికీ లేదు. నా మొదటి అబద్ధం ఆ రిజిస్టరు జాతిదే అని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను, అక్కడితో ఆగిపోతే హాయిగా ఉండేది. కానీ ఆ కథ అక్కడ ఆగదు. సత్రం నుంచి వెళ్లగొడితే ఆయన ఇద్దరు దోస్తుల దగ్గర తలదాచుకోవచ్చా అని అడిగాడు. ఒకడు హిందువు, నువ్వు వస్తే మా ఇంట్లో నౌకర్లు పోతారన్నాడు. ఇంకొకడు క్రైస్తవుడు, మా ఇంటామె రేపు వస్తుంది, ఆమెను అడగాలె అన్నాడు. మెత్తగా చెప్పిన మాట. లేదు అనలేదు. అడుగుతా అన్నాడు. బాబాసాహెబ్ ఒక తోటలో కూర్చొని, రాత్రి బండికి బొంబాయి పోయాడు. కట్టెలు పట్టుకొచ్చినవాళ్లను చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. "ఇంటామెను అడగాలె" అన్నవాణ్ణి చదివినప్పుడు మాత్రం పుస్తకం మూసేశాను. ఎందుకంటే "పోయి అడుగు" అన్నవాణ్ణి నేనే.

ఇంతకూ ఆ రెండో అబద్ధం ఎందుకు చెప్పాను? ఆమె నా బీరువా తాళం పట్టుకోలేదు. నన్ను ఆపగలిగే శక్తి ఆమెకు లేదు. నిజం చెప్తే నాకు పోయేదేమీ లేదు, ఒక్క నిమిషం ఆమె ముఖం చూడాల్సి వచ్చేది, అంతే. ఆ ఒక్క నిమిషం తప్పించుకోవడానికి ఆమె ఒక దినం కూలి ఖర్చు పెట్టాను. నేను పోవడం తప్పని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇరవై సీట్లలో మాకు మూడే ఎందుకు వచ్చాయో, ఆ జిల్లా అంతటికీ ఒక్క కాలేజీ ఎందుకుందో, సగంలో ఖాళీ అయిన సీటు పేదపిల్లకు ఇవ్వడానికి రూలు ఎందుకు లేదో, అవి నా పాపాలు కావు. అగ్రకులాల పిల్లలు ఒక సీటు మీద కర్చీపు వేసి ఇంకో సీటుకు పోతే దాన్ని ఎవరూ నీతి ప్రశ్న అనరు, ఆప్షన్ అంటారు. ఈ వాదం నాకు నోటికి వచ్చు. నాలాంటివాళ్లకు చాలామందికి వచ్చు. వాదం ఒప్పే. తాండూరు స్టేషన్‌లో అది పని చేయదు, అంతే.

మా నాయినకు ఈ సంగతి చెప్పాను. దగ్గుకుంటూ విన్నాడు. "బండ లేపిన కాడ గుంత పడతది. గుంత పడతదని బండ లేపకుంటరా?" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో, "గని గుంతల వాన నీళ్లు నిలుస్తయి. పిల్లలు పడతరు. గందుకే ముళ్లకంప వేస్తం. నువ్వు కంప వెయ్యకనే పోయినవ్" అన్నాడు.

మొదటి అబద్ధానికి సిగ్గుపడను అన్నాను కదా. దానికి కూడా ఒక తోక ఉంది, దాచకుండా చెప్పాలె. ఆ కాలేజీలో నా తర్వాత చేరిన ఒక తమ్ముడు ఏండ్ల తర్వాత కలిశాడు. స్కాలర్‌షిప్‌లు ఆలస్యమయ్యాయని వీళ్లు అడగబోతే, అదే గదిలో, "మీవోళ్లు సగంల మానేసి పోతరు, మీకు సీట్లిచ్చుడే దండుగ" అన్నారట. రిజిస్టరు తీసి పేరు కూడా చూపించారట. నా పేరే. ఆ ఏడు చదువు మానిన ఎస్సీ పిల్లల లెక్కలో ఒక సున్నం చుక్కలా నేను ఇప్పటికీ ఉండి ఉంటాను. మీది వాడికి చెప్పిన అబద్ధం మీదనే ఆగుతుందనుకున్నాను. అది కూడా జారి మావాళ్ల నెత్తి మీదనే పడింది. నేను నా రిజిస్టరులో రాసిన పేరు పార్సీ పేరు కాదు, వాళ్లు మాకు పెట్టిన పేరే. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

యూనివర్సిటీ నాకు ఏమిచ్చిందంటే పుస్తకాలిచ్చింది, తాళం లేని బీరువాలిచ్చింది, మాట్లాడే ధైర్యమిచ్చింది. అక్కడ 1993లో పెట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మీటింగుల్లో నేను మొదటిసారి నా గేరి పేరు గట్టిగా చెప్పాను. అదే చోట 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఆయనతో కలిపి ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేసినాక జరిగిన సంగతి అది. ఆ వారమే మా దిక్కు ఒక తండ్రి, బండల గని మనిషే, నా ఇంటికి వచ్చి, "సారూ, మా పోరనితోని దరఖాస్తు పెట్టిస్తినంటివి. వాపస్ తీసుకోవస్తదా?" అని అడిగాడు. పెద్ద చోటికి పొమ్మని నేను ఊరూరా చెప్తూ తిరిగినవాణ్ణి. పోతే ఏమవుతుందో అన్నీ చెప్పానా? మంచివి చెప్పాను. ఆయనకు ఆ దినం అన్నీ చెప్పాను, తెల్లారేదాకా కూర్చున్నాం. పోరడు పోయాడు, చదివాడు. తండ్రి మాత్రం రోజూ రాత్రి ఒకసారి ఫోన్ చేసేవాడట, ఊరికే గొంతు వినడానికి.

ఇప్పుడు పాఠాలు చెప్పే కొలువులో ఉన్నాను. ఎండాకాలం వస్తే పిల్లలు ఫారాలు పట్టుకొని వస్తారు. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీలకు ఉమ్మడి ఎంట్రెన్స్ వచ్చింది, ఇక్కడి కౌన్సిలింగ్ వేరే. ఒకదాని తేదీ ఇంకోదానికి కలవదు. పోయేవాడు తొందరగా పోవాలె, ఆఖరి విడత కౌన్సిలింగ్ కాకముందే వదలాలె, అప్పుడే తర్వాతి పేరుకు సీటు వస్తుంది అని చెప్తాను. మా నాయిన చెప్పిన ముళ్లకంప అదేననుకుంటాను. పోయినసారి పెద్దేముల్ దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్ల నా మాట అంతా విని, "ఆడ వస్తదో రాదో తెల్వకముందే ఈడ వదిలేస్తే, రెండూ పోతే నేను యాడికి పోవాలె సార్? కందిచేనుకా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. సీటు వదలకుమనే చెప్పాను.

బషీరాబాద్ పిల్ల ఇప్పుడు పిల్ల కాదు, అమ్మమ్మ. పోయిన ఏడు తాండూరు బస్టాండులో కలిసింది. కందిపప్పు సంచి పక్కన పెట్టుకొని కూర్చుంది. మా తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది గదా, దాని మీద ఏదో నవ్వులాట మాట్లాడుకున్నాం. ఆమె పాలిష్ పని ఎప్పుడో మానేసింది, బిడ్డను నర్సింగ్ చదివించింది. ముప్పై ఏండ్ల మాట ఇగ ఆగలేదు. "చెల్లె, ఆ దినం స్టేషన్ల నీకు అబద్ధం చెప్పిన. ఆ సీటు రాదని నాకు ఎరుకే" అన్నాను.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రాదని ఆఫీసుల చెప్పిండ్రు లేన్నా. గది నేను గప్పుడే మర్సిపోయిన. నీకు తెల్వక చెప్పినవనుకున్న ఇన్నేండ్లు" అన్నది.

బషీరాబాద్ బస్సు వచ్చింది. సంచి అందిస్తానంటే వద్దని తనే ఎత్తుకొని ఎక్కింది.